పాఠ్యం రాసే పాఠ్యం: ఎం4 పనితనం

లినక్స్‌లో ఏదైనా సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసినవాళ్లకు కాన్ఫిగర్ స్క్రిప్ట్ తెలిసే ఉంటుంది. చాలాసార్లు అది వేల వరుసల షెల్ కోడ్. అదంతా ఎవరో కూర్చుని రాసింది కాదు, ఆటోకాన్ఫ్ అనే సాధనం పుట్టించింది. ఆటోకాన్ఫ్ లోపల ఆ పని చేసేది ఎం4 అనే మాక్రో ప్రాసెసర్. 1977లో బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ దాన్ని తయారుచేశారు. 1965లో క్రిస్టఫర్ స్ట్రేచీ వివరించిన జీపీఎం అనే మాక్రో జనరేటర్ దానికి దారి చూపింది. నేడు ఎక్కువగా వాడేది ఓపెన్ సోర్స్ గ్నూ ఎం4.

ఎం4 చేసేది చెప్పడానికి చాలా చిన్న పని. ఇచ్చిన పాఠ్యాన్ని చదువుకుంటూ పోతుంది. తనకు తెలిసిన పేరు, అంటే మాక్రో, తగిలితే దాని అర్థాన్ని అక్కడ పెడుతుంది, తెలియనిదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. అయితే పెట్టిన అర్థాన్ని కూడా మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. దాని బలమంతా ఇక్కడే ఉంది, కొత్తవాళ్లను తికమకపెట్టేదీ ఇదే.

సర్వర్ అంటే చెన్నై అని డిఫైన్ చేశారనుకోండి. కొన్నాళ్లకు మనసు మారి, అదే ఫైల్‌లో కింద సర్వర్ అంటే ముంబై అని కొటేషన్ లేకుండా రాశారు. ఎం4 ఆ రెండో ఆదేశంలోని సర్వర్‌ను ముందే చెన్నైగా మార్చేసుకుని, చెన్నై అంటే ముంబై అని నేర్చుకుంటుంది. ఆపైన సర్వర్ అని రాసినచోట ముంబై వస్తుంది కాబట్టి అంతా సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అక్కడి నుంచి ఫైల్‌లో విడిగా రాసుకున్న ప్రతి చెన్నై కూడా ముంబై అయిపోతుంది!

అందుకే కొటేషన్. మొదట బ్యాక్‌టిక్, చివర అపాస్ట్రఫీ పెడితే లోపలి పేరును ఎం4 ఆ క్షణానికి ముట్టుకోదు, ఒక పొర కొటేషన్ మాత్రం ఒలిచి ముందుకు పంపుతుంది. రెండు పొరలు పెడితే రెండుసార్లు ఆగుతుంది. ఏది ఇప్పుడే విప్పాలి, ఏది తరువాతకు వాయిదా వేయాలి అన్నది రాసేవాడి చేతిలో ఉంటుంది. ఎం4 కష్టమనేవాళ్లలో చాలామందికి అడ్డొచ్చేది ఇదొక్కటే అని నా నమ్మకం. ఇది పట్టుబడితే షరతులకు ఇఫ్ఎల్స్, లెక్కలకు ఇవాల్, వేరే ఫైల్‌ను కలపడానికి ఇన్‌క్లూడ్ తేలిగ్గా వచ్చేస్తాయి. డీఎన్ఎల్ తానున్న వరుసలో తన తరువాత మిగిలినదాన్ని కొత్త వరుస గుర్తుతో సహా మింగేస్తుంది. అది లేకపోతే డెఫినిషన్లు ఉన్నచోటల్లా ఖాళీ వరుసలు మిగులుతాయి.

డైవర్ట్ ఇంకా అందమైనది. ఇక్కడ రాసిన ముక్కను అంకె వేసి పక్కన దాచితే, చివర్లో అంకెల వరుసలో బయటికొస్తుంది. మైనస్ ఒకటికి పంపితే కనిపించకుండా పోతుంది.

మాక్రో పేర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. చుట్టూ ఉన్న తెలుగు పాఠ్యం మాత్రం చెక్కుచెదరకుండా దాటిపోతుంది కాబట్టి, తెలుగు వెబ్ పేజీల తలకట్టు, అడుగుభాగం ఒకేచోట రాసుకోవడానికి ఇది హాయిగా పనికొస్తుంది. ఎక్కడైనా చిక్కుపడితే ట్రేసాన్ వాడండి. ఏ మాక్రో ఎప్పుడు విచ్చుకుందో ఒక్కొక్కటిగా చూపిస్తుంది.