గ్రూవ్‌బాక్స్‌కు తాళం తెలుసా?

డ్రమ్ మెషిన్, సింథసైజర్ లేదా శాంప్లర్, వాటిని నడిపించే సీక్వెన్సర్ ఒకే పెట్టెలో ఇమిడిన వాద్యం గ్రూవ్‌బాక్స్. 1996లో రోలండ్ కంపెనీ ఎంసీ-303తో ఈ పేరును వాడుకలోకి తెచ్చింది. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రోజంతా రెండు మానిటర్ల ముందు కూర్చునేవారికి ఈ పెట్టె మీద మనసు పోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ఇంటికొచ్చాక సంగీతం కోసమైనా మళ్లీ తెర ముందు కూర్చోవాల్సిన పని ఉండదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అర్ధరాత్రి కూడా పక్క ఫ్లాటువాళ్లకు ఇబ్బంది లేదు.

కొనేముందు సాధారణంగా అందరూ చూసేవి శబ్దాల సంఖ్య, ఎఫెక్టులు, ప్యాడ్ల మెరుపు. శాంప్లర్ ఉన్న పెట్టెలో శబ్దం నచ్చకపోతే ఇంకొకటి వేసుకోవచ్చు. సీక్వెన్సర్ లెక్కపెట్టే తీరు మాత్రం కొన్నవాళ్ల చేతిలో ఉండదు. అందుకే పరీక్ష లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. తెలుగు నేల మీద అందుకు తాళాలను మించిన కొలత లేదు.

స్టెప్ సీక్వెన్సర్‌లో వరసగా 16 గడులు ఉంటాయి. వెలిగిన గడి దగ్గర దెబ్బ పడుతుంది, వెలగని చోట నిశ్శబ్దం. నాలుగు గడులు ఒక బీటు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, చతురశ్ర నడకలో 32 మాత్రలు. పేజీకి 16 గడుల చొప్పున సరిగ్గా రెండు పేజీల్లో సరిపోతుంది. మిశ్రచాపుకు అక్షరానికి రెండు గడుల చొప్పున 14, ఖండచాపుకు 10 కావాలి. నమూనా పొడవును ఇలా కుదించనివ్వని యంత్రం ఎంత చవకగా దొరికినా వద్దనుకోవడమే మంచిది. ఒక్కో ట్రాక్‌కు ఒక్కో పొడవు ఇవ్వగలిగితే అది అసలైన బలం. ఒక ట్రాక్‌లో 14, మరొకదానిలో 16 పెడితే అవి రెండూ 112 గడుల తర్వాతే మళ్లీ సమంలో కలుస్తాయి. చేత్తో తాళం వేస్తూ ఇంతసేపు లెక్క తప్పకుండా ఉండటానికి ఏళ్ల సాధన కావాలి. యంత్రం అలవోకగా చేస్తుంది.

నడక మార్చడం ఇంకా కఠినమైన పరీక్ష. ఎలెక్ట్రాన్ కంపెనీ 2017లో తెచ్చిన డిజిటాక్ట్‌లో ప్రతి ట్రాక్ వేగాన్ని విడిగా మార్చవచ్చు. నాలుగింట మూడు వంతుల వేగం పెడితే బీటుకు నాలుగు గడులకు బదులు మూడు వస్తాయి, అదే తిశ్రం. హైదరాబాద్ వీధుల్లో మార్ఫా బృందాలు, బోనాలకూ గణేశ్ నిమజ్జనానికీ డప్పు బృందాలు వాయించే తీన్మార్ నడక ఇలా సులువుగా పట్టుబడుతుంది. ఖండ నడక దగ్గర మాత్రం దారి మూసుకుపోతుంది, బీటుకు ఐదు గడులిచ్చే ఎంపిక అందులో లేదు. టెంపో 100లో ఖండం కావాలంటే యంత్రాన్ని 125కు పెట్టి, ఐదు గడులను ఒక బీటుగా లెక్కించుకోవాలి. లెక్క కుదురుతుంది, కానీ ఆ టెంపోతో నడిచే మిగతా ట్రాకులన్నీ జరిగిపోతాయి. తని ఆవర్తనంలో ఒక మృదంగ విద్వాంసుడు క్షణంలో చేసే మార్పు ఇది. ఇక్కడ యంత్రం ఓడిపోయిందని ఒప్పుకోవాలి.

గడుల మధ్య ఖాళీ కూడా సంగీతమే. రోజర్ లిన్ 1980 నాటి ఎల్ఎం-1 డ్రమ్ మెషిన్‌లో స్వింగ్ ప్రవేశపెట్టారు. అది ప్రతి రెండో గడిని కాస్త ఆలస్యం చేస్తుంది, అదీ ప్రతిసారీ ఒకే మోతాదులో. డప్పు వాయించేవారి కుడిచేతి చిర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల అలా సమానంగా వెనకబడవు. ఆ తూగు రావాలంటే ఒక్కో దెబ్బనూ విడిగా జరపాలి. నొవేషన్ కంపెనీ గ్రూవ్‌బాక్స్ సర్క్యూట్ ట్రాక్స్ ఒక్కో గడిని ఆరు సూక్ష్మ భాగాలు చేస్తుంది. డిజిటాక్ట్ అంతకన్నా సన్నగా జరపనిస్తుంది. ఆరు భాగాలు డాన్స్ పాటకు చాలు, డప్పుకు చాలవు.

శాంపిల్ సంగతీ ఇక్కడే చూడాలి. డప్పును మంట దగ్గర కాచి బిగిస్తారు. చల్లబడేకొద్దీ నాదం దిగుతుంది. ఒకే దెబ్బను రికార్డు చేసి పదేపదే మోగిస్తే ఆ ప్రాణం పోతుంది. నాలుగైదు దెబ్బలు వేర్వేరుగా తీసుకుని, గడిగడికీ శాంపిల్, స్థాయి మార్చాలి. గడిగడికీ విలువలు మార్చే వీలు ఎలెక్ట్రాన్ పెట్టెల గొప్పతనం. ఫలానా గడి నాలుగుసార్లలో చివరిసారే మోగాలని కూడా చెప్పవచ్చు. 32 గడుల ఆదితాళంలో నాలుగో ఆవర్తనానికి మాత్రమే ముక్తాయింపు పలికించడానికి ఇది చక్కగా పనికొస్తుంది.

గమకానికి వచ్చేసరికి ఈ పెట్టెలన్నీ తడబడతాయి. గడి అంటే ఒక స్వరస్థానం. రెండు స్థానాల మధ్య ఊగే కంపితాన్ని గడిలో రాయలేం. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో బీటుతో రికార్డు చేసినప్పుడు టీఆర్-808 డ్రమ్ మెషిన్‌తో పాటు టీబీ-303 బేస్ సింథసైజర్ వాడారు. టీబీ-303లో స్వరం నుంచి స్వరానికి జారే ఏర్పాటు ఉంది, ఆ జారుడు రాగాలకు కొంత దగ్గరగా వస్తుంది. జారు వచ్చినంత మాత్రాన గమకం రాదు. మృదంగం తొప్పి వైపు పలికే వంపు నాదాన్ని మాత్రం పిచ్‌ను ఎల్‌ఎఫ్‌ఓతో (విలువను నెమ్మదిగా ఊపే ఆసిలేటర్‌తో) వంచి దగ్గరకు తీసుకురావచ్చు.

నమూనాలు కూర్చడం తేలిక, పాటగా ముగించడం కష్టం. నాలుగు బార్ల లూప్ వినడానికి ఎంతో బాగుంటుంది, పల్లవి దాటి చరణానికి వెళ్లదు. డిజిటాక్ట్ మొదట వచ్చినప్పుడు, నమూనాలను పాటగా వరసలో పేర్చే సాంగ్ మోడ్ లేదు. తర్వాత అప్‌డేట్‌లో వచ్చింది. కొనేవారు ఈ సదుపాయం ఉందో లేదో తప్పక అడగాలి.

చివరికి పాటను మిక్సింగ్‌కు పంపాలి. డిజిటాక్ట్ ఓవర్‌బ్రిడ్జ్ సాఫ్ట్‌వేర్‌తో ట్రాకులను యూఎస్‌బీ ద్వారా విడివిడిగా కంప్యూటర్‌కు ఇస్తుంది. సర్క్యూట్ ట్రాక్స్ లోపలి బ్యాటరీతో నాలుగు గంటలు నడుస్తుంది, మెట్రోలోనూ వాడుకోవచ్చు; శబ్దం బయటికి ఇచ్చేది మాత్రం ఒకే స్టీరియో జత. ట్రాకులు విడిగా కావాలంటే మిగతావన్నీ మ్యూట్ చేసి ఒక్కొక్కటీ రికార్డు చేయాలి. 14, 16 గడుల ట్రాకులు కలిసి ఉంటే ప్రతిసారీ ఆపి, సమం నుంచే మొదలుపెట్టాలి. మధ్యలో పట్టుకుంటే కంప్యూటర్‌లో వాటిని మళ్లీ జత చేయడం చాలా కష్టం.