మజిలీ వ్రాత

ఇటీవల మాకొక వ్యాసము పరిశీలనార్థము వచ్చినది. వ్రాసినవాడు ఉదయగిరి మండలమున పుట్టి, ఆత్మకూరులో చదివి, ఇప్పుడు ఇటలీదేశమున పైచదువు చదువుచున్న యువకుడు. సెలవులలో గ్రీసునకు పోవు ఓడకొఱకు బ్రిందిసి యను రేవుపట్టణమున అతడొక పూట నిలువవలసివచ్చెను. ఆ పూటనుగూర్చి 14 పుటలు వ్రాసి పంపినాడు. భాష శుద్ధముగ నున్నది. ఉద్దేశము మంచిది. అయినను ఆ వ్యాసమును ఉన్నదున్నట్లు ప్రకటింపజాలకున్నాము. కారణము ఆ యువకునికి మాత్రమే చెప్పి యూరకుండవచ్చును. కాని ఆ దోషము అతని యొక్కనిది కాదు. మన యాత్రారచనలలో పెక్కింటికి అది పట్టియున్నది. కావున పాఠకుల యెదుటనే విచారింతుము.

వ్యాసమున మొదటి 10 పుటలు బ్రిందిసి ప్రజల శీలమునుగూర్చినవి. అచ్చటివారు మితభాషులట, కాలమును పాటించువారట, వీథులను తమ యిండ్లవలె చూచుకొందురట. ప్రతివాక్యమునకు వెంట ఒక ప్రతివాక్యము కలదు: మనవారు వదరుబోతులు, కాలము తెలియనివారు, వీథిని పెంటకుప్పగ చేయువారు. ఇంత తీర్పు చెప్పుటకు మన గ్రంథకర్తకు దొరకిన సాక్షులెవరు? కాఫీయంగడివాడొకడు, ఓడటిక్కెట్ల గుమాస్తా యొకడు, మెట్లపై కూర్చుండిన ముసలివాడొకడు. ముగ్గురు సాక్షులతో ఒక పట్టణమునకు యోగ్యతాపత్రమును, ఒక జాతికి శిక్షాపత్రమును వ్రాసియిచ్చినాడు. న్యాయస్థానములలో ఇంత వేగముగ తీర్పులు పుట్టిన మన వ్యాజ్యెములు తాతలనాటినుండి మనుమలనాటికి నడువకపోవును!

ఈ పద్ధతి అతడు కల్పించినది కాదు. సముద్రము దాటినవానిని కులమునుండి వెలివేయుచు, తిరిగివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించుచుండిన కాలమున, సీమను మెచ్చుకొనుట ఒక సంస్కారకార్యముగ నుండెను. పరదేశమందును ధర్మము కలదు, శుభ్రత కలదు, విద్య కలదు అని చాటనిదే ఇచ్చటి తలుపులు తెఱచుకొనవు. ఆనాటి అతిశయోక్తులను మేము తప్పుపట్టము. కాని రోగము కుదిరినపిమ్మటను మందు మానకున్న ఆ మందే రోగమగును. నేడు ఆత్మకూరు బస్సునిలయమున నిలిచి అడిగిన, పరదేశమున బిడ్డలున్న తల్లిదండ్రులు పలువురు కనబడుదురు. సీమలో వీథులు శుభ్రముగ నుండునని వారికి ఇంకను 10 పుటలలో చెప్పనక్కఱలేదు.

మఱి ఒక పూట నిలిచినవాడు ఏమి వ్రాయవలెను? దీనికి మన భాషలోనే సమాధానము కలదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలను ఎఱుగని తెలుగిల్లు ఒకప్పుడు లేకుండెను. అందు మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు ఒక గోపబాలకుని తోడు తీసికొనును. మజిలీ మజిలీయందును ఆ బాలకుడు ఊరు తిరిగి ఏదో యొక వింతను చూచివచ్చి దాని వృత్తాంత మడుగును. మణిసిద్ధుడు చెప్పును. ఈ యేర్పాటు కథలు గ్రుచ్చుటకు దారముగ వేసినదే కావచ్చును. మాకు మాత్రము ఇందొక విమర్శసూత్రము కనబడుచున్నది. చూచుట గోపుని పని. చెప్పుట ఎఱిగినవాని పని. పూటసేపు నిలిచిన బాటసారి గోపుడే. అతనికి వింతను కనిపెట్టు కన్నును, అడుగుటకు సిగ్గుపడని నోరును ఉండిన చాలును. మన యాత్రికుడు చేయు తప్పిదమేమన, గోపుడై ఊరు చుట్టివచ్చి మణిసిద్ధుని యాసనమున కూర్చుండుట.

ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆ యాసనమునకు ఆశపడలేదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, కాశి మొదలగు క్షేత్రములు సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగివచ్చిరి. 1838లో అచ్చుపడిన వారి కాశీయాత్రచరిత్రలో మజిలీలు పెక్కులు కలవు. దారి యెట్టిది, నీరెచ్చట దొరకును, అంగళ్లు కలవా, దిగుటకు వసతి కలదా అని చూచి వ్రాసిరి. వెనుక వచ్చు బాటసారికి ఉపయోగించు సంగతులవి. అందువలననే నేటికిని నిలిచియున్నవి.

ఇక మన యువకుని కడపటి 4 పుటలకు వత్తము. ఇచ్చట అతడు గోపుడైనాడు. బ్రిందిసి రేవున మెట్లవరుసమీద ఒక పాలఱాతి స్తంభము ఆకాశమునకు లేచియున్నది. దాని ప్రక్కనే రెండవ స్తంభముయొక్క మొదలు మాత్రము మిగిలియున్నది. 'రెండవది యేమయ్యె'నని అతడు ముసలివానిని అడిగినాడు. అది 1528లో కూలినది. తరువాతి శతాబ్దమున దాని ఖండములను లెచ్చె యను పొరుగు నగరమునకు కొనిపోయిరి. 1656 నాటి మహామారినుండి తమ్ము కాపాడినాడని నమ్మి, లెచ్చెవారు తమ పాలకపునీతుడైన ఒరోంజో విగ్రహమును ఆ స్తంభముపై నిలిపిరి. ఈ మాటలు చెప్పి ముసలివాడు లెచ్చె దిక్కునకు చేయి చూపి నవ్వెనట. ఆ నవ్వులో కోపముండెనో, గర్వముండెనో తనకు తెలియలేదని మన గ్రంథకర్త వ్రాసినాడు. 14 పుటలలో 'తెలియలేదు' అను మాట ఇదొక్కచోటనే యున్నది. ఈ వాక్యముకొఱకే వ్యాసమును రెండుమాఱులు చదివితిమి.

బ్రిందిసి మజిలీలకు పేరుపడిన యూరు. లాటిను మహాకవి వర్జిలు గ్రీసునుండి మఱలివచ్చుచు క్రీ. పూ. 19లో అచ్చటనే కన్నుమూసెను. అతని మిత్రుడు హొరేసు రోమునుండి బ్రిందిసివఱకు చేసిన ప్రయాణమును కావ్యముగ వ్రాసి, చెడునీటివలన తనకు కలిగిన కడుపునొప్పిని, నిద్రపోనీయని దోమలను, కప్పలను దాచక చెప్పినాడు. 1870 మొదలు 1914 వఱకు లండనునుండి హిందూదేశమునకు వచ్చు టపా ఆ రేవుననే ఓడ యెక్కుచుండెను. 1878లో బాలుడైన రవీంద్రుడు అచ్చట దిగి రైలెక్కెను. 1931 డిసెంబరు 14న గాంధిమహాత్ముడు రౌండుటేబిలు సభనుండి మఱలుచు అచ్చటనే ఓడ యెక్కెను. ఇవన్నియు వ్యాసమున లేవని మేము నిందింపము. గోపుడు అన్ని వింతలను చూడవలెనను నిర్బంధము లేదు. ఒక్కదానిని చక్కగ చూచిన చాలును.

మేము నిందించునది వేఱొక వాక్యమును. స్తంభము కథ ముగించి, 'మా ఉదయగిరిలో ఇట్టి దేదియు లేదు' అని వ్రాసినాడు. అయ్యా! స్తంభము పోయిన యూరిని చూచి కన్నుచెమర్చిన నీకు, దేవుడే తరలిపోయిన నీ యూరు జ్ఞప్తికి రాకపోయెనా? గజపతుల యధీనమందుండిన ఉదయగిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి మించి ముట్టడించి 1514లో పట్టెను. అచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. ఆ విజయనగరమును పాడువడెను. విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. కొండమీద కూలిన బురుజులును, మసీదులును, క్రింద పాడుపడిన రంగనాయకుల కోవెలయును, ఊరిలో కొండకఱ్ఱతో చెంచాలు చెక్కు కుటుంబములును కలవు. ఏదియు లేదనుటకు మునుపు ఆ మెట్లమీది ముసలివానినడిగినట్లు ఇచ్చటి ముసలివాని నొక్కని అడిగియుండవలసినది.

ఇది రచనాశిల్పమునకు మాత్రమే సంబంధించిన ముచ్చట యని కొందఱు తలంపవచ్చును. మా మెట్టసీమవారికి అట్లుకాదు. కఱవు సంవత్సరములలో మా పల్లెలకు మోటారుబండ్లలో పూటకొఱకు వచ్చి, మధ్యాహ్నభోజనమునకు నెల్లూరు చేరి, మమ్మునుగూర్చి వ్రాయువారు కలరు. 'ఈ ప్రాంతపువారికి వలసపోవుట అలవాటు, సేద్యమునందు శ్రద్ధ లేదు' అను వ్రాతలను మేము చదివియున్నాము. ఆ వ్రాసినవారు గోపుని ప్రశ్న ఒక్కటి అడిగియుండిన బాగుండెడిది: ఆత్మకూరునకు చేరువనే పెన్నమీద 78 టి. ఎం. సి. నీరు పట్టు సోమశిల జలాశయ ముండగా, ఉదయగిరి చేలెందుకు ఎండుచున్నవి? ఏ రైతైనను చెప్పియుండును. నీరు పల్లమెఱుగును. జలాశయపు నీటిమట్టముకంటె ఉదయగిరి మెట్ట ఎత్తున నున్నది. కాలువ తనంతట తాను దిగువ మాగాణికి పోవును. ఎగువకు రావలెనన్న ఎత్తిపోయవలెను, అందుకు ధనము కావలెను. వలస అలవాటువలన పుట్టలేదు, ఈ యెత్తుపల్లములవలన పుట్టినది. ప్రజలకు శీలదోషము అంటగట్టిన వ్రాత చదివినవాడు సానుభూతి చూపి యూరకుండును. కారణము చెప్పిన వ్రాత చదివినవాడు నీటినిగూర్చి అడుగును. పూటవ్రాతవలన ఒక సీమకు కలుగు లాభనష్టములు ఇట్టివి.

బ్రిందిసివారిని 10 పుటలు పొగడినవానికిని, మమ్ము ఒక్క వాక్యమున తెగడినవానికిని కలము ఒక్కటే. పొగడ్త యైనందున మొదటిదానికి ఎవరును నొచ్చుకొనలేదు, అంతే భేదము.

కావున ఆ యువకునికి మా మనవి యిది. మొదటి 10 పుటలను తీసివేయవలెను. కడపటి 4 పుటలను అట్లే యుంచి, స్తంభమును మఱి రెండు వాక్యములలో మాకు చూపవలెను. సెలవులకు ఇంటికి వచ్చినపుడు ఆత్మకూరునుండి బస్సులో ఉదయగిరి చేరి, ఇంటికి పోవుటకు మునుపు ఒక పూట పరదేశివలె అచ్చట నిలువవలెను. ఒక్క వస్తువును చూచి, ఒక్క ప్రశ్న అడిగి, విన్నదానిని వ్రాసి పంపవలెను. తెలియనిచోట తెలియలేదనవలెను. ఆ రెండు మజిలీలను ఒకే సంచికలో ప్రక్కప్రక్కన ప్రకటింతుము.