శాసనం చెప్పని కథ

ఉద్యోగ విరమణ తర్వాత చారిత్రక నవల రాయాలనుకునేవారికి నేను ముందుగా చెప్పే పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. నిజాం కొలువులో దశాబ్దాలు పనిచేసినవాడు. 1841 నుంచి 1853 దాకా సురపురం సంస్థానం, ఆ తర్వాత నల్‌దుర్గ్ జిల్లా అతని చేతిలో ఉన్నాయి. ఆరోగ్యం చెడి 1860లో ఇంగ్లండు వెళ్లిపోయాక ‘తారా’, ‘రాల్ఫ్ డార్నెల్’, ‘సీత’ రాశాడు. వాటి కాలాలు 1657, 1757, 1857. ‘తారా’ కథ నడిచేది తుల్జాపూర్, నల్‌దుర్గ్ వైపే, తాను శిస్తు లెక్కలు చూసిన నేల మీదే. పాలకుడి చూపు అన్న లోటు ఆ నవలలకుంది. అయినా పనిచేసిన నేలనూ ఎరిగిన మనుషులనూ పట్టుకుని వెనక్కి నడవడం అతని దగ్గర నేర్చుకోవలసిందే.

మనవాళ్లలోనూ వేరే వృత్తుల నుంచి వచ్చినవారే ఈ ప్రక్రియను నిలబెట్టారు. రేపల్లె ప్లీడరు నోరి నరసింహశాస్త్రి నన్నయ కాలానికి ‘నారాయణభట్టు’, శ్రీనాథుడి కాలానికి ‘కవిసార్వభౌముడు’ రాశారు. భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు చిత్రకారుడు. ‘హిమబిందు’లో ఆ కన్ను తెలిసిపోతుంది.

ఇక గోదావరి వైపు నల్లజర్ల మెట్టకు వద్దాం. ఇక్కడ రెవెన్యూలో పనిచేసి రిటైరైనవారికి శాసనం చదవడంలో ఉండే చనువు పండితులకు కూడా అంత తేలిగ్గా రాదు. వేంగి చాళుక్యుల రాగిరేకుల్లో వంశ ప్రశస్తి సంస్కృతంలో గంభీరంగా సాగుతుంది. దానం పుచ్చుకున్నవాడి గోత్రం, ఊరి పేరు వస్తాయి. తర్వాత ఎల్లలు, చాలాచోట్ల తెలుగులోనే: ఏ దిక్కున ఏ చెరువు, ఏ పుట్ట, ఏ చెట్టు. పండితుడు ప్రశస్తి దగ్గర ఆగుతాడు. పొలాల గట్ల మీద తిరిగినవాడి కన్ను ఎల్లల మీదికి పోతుంది. నవల మొదలయ్యేది అక్కడే. ఆ చేను అంతకుముందు ఎవరు దున్నారు? దానమయ్యాక పంటలో భాగం ఎవరి గాదెకు చేరింది? శాసనం చెప్పదు. చెప్పినదాన్ని మార్చకూడదు, చెప్పనిదాన్ని ధైర్యంగా కల్పించాలి. నాకు తెలిసి ఈ ప్రక్రియకు ఇంతకు మించిన సూత్రం లేదు.

రాజును అంచున ఉంచి మామూలు మనిషిని నడుమ నిలబెట్టడం మరో పద్ధతి. 634 నాటి ఐహోలు శాసనంలో రవికీర్తి రెండో పులకేశి విజయాలు చెబుతూ, కునాల సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయంటాడు. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. అది గెలిచినవారి మాట. ఆ నీళ్లలో వల వేసుకు బతికే కుటుంబం వైపు నుంచి ఆ యుద్ధాన్ని చెప్పేవారు కావాలి.

కంటికి కనిపించేదాన్ని మాత్రం నమ్మకూడదు. మెట్టలోని పొగాకు, జీడిమామిడి, పెదవేగి చుట్టూ ఉన్న ఆయిల్‌పామ్ తోటలు వేంగి రాజులు ఎరగరు. వాళ్ల వంటింట్లో మిరపకాయ లేదు, కారానికి మిరియాలే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటి కాలువల సేద్యం ఆ తర్వాతిది. కొల్లేటి చేపల చెరువులు మరీ ఇటీవలివి. వాటన్నిటినీ చెరిపేసి చూస్తే మిగిలేది బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరద, దాన్ని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. సంభాషణల్లోనూ ఇదే జాగ్రత్త. దస్తావేజు, హుకుం లాంటి మాటలు ఉద్యోగమంతా నోట నానినవే, కాని చాళుక్య సామంతుడు పలకడానికి పనికిరావు.

రాళ్లు కూడా సాక్ష్యమిస్తాయి. కామవరపుకోట దాటి జీలకర్రగూడెం వెళ్తే గుంటుపల్లి గుహలు. గుండ్రటి చైత్యం పైకప్పు లోపల వాసాలను రాతిలోనే చెక్కారు. అప్పటి కట్టె కట్టడాలు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యమది. సివిల్ ఇంజనీరుగా రిటైరైనవారు అక్కడ ఒక పూట కూర్చుంటే, క్రీస్తుకు పూర్వపు వడ్రంగి ఒకడు పాత్రగా లేచి వస్తాడు.

అందుకే ఈ వైపు రిటైరైన టీచర్లకు, సర్వేయర్లకు, బ్యాంకు ఉద్యోగులకు నా విన్నపం. ఢిల్లీ, చిత్తోడు కథలు ఇప్పటికే చాలా వచ్చాయి. ముద్రిత శాసన సంపుటాల్లో మీ చుట్టుపక్కల ఊరి పేరున్న దానశాసనం ఒకటి వెతకండి. ఆ ఎల్లలు ఈనాడు ఎక్కడున్నాయో నడిచి చూసి, మొదటి అధ్యాయం రాయండి.