మరిచిపొమ్మనడం తేలికే!

పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడితే మన మెదక్‌లో ‘జడుసుకున్నాడు’ అంటాం. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తాం. తాయెత్తు కట్టిస్తాం. చదువుకున్నవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మిరపకాయల మహిమ ఎలా ఉన్నా, ఆ రాత్రి పిల్లవాణ్ణి ఒంటరిగా వదలం కదా!

మరి అదే జడుపు పెద్దవాళ్లకు పట్టుకుంటే? ఇక్కడే మన సినిమాలు బోల్తా కొడతాయి. వాటి లెక్కలో షాక్ తగిలితే మతైనా పోవాలి, మనిషి రాక్షసుడైనా కావాలి. ‘వసంత కోకిల’ (1982)లో కారు ప్రమాదం తర్వాత శ్రీదేవి చిన్నపిల్లయిపోతుంది. నయమయ్యాక, ఆదుకున్నవాణ్ణే మరిచిపోతుంది. ఏడుస్తూనే ఇంటికొచ్చాం. పోనీ, అది తలకు తగిలిన దెబ్బ కథ అని సరిపెట్టుకుందాం. ‘అపరిచితుడు’ (2005)లో వాననీళ్లలో పడివున్న కరెంటు తీగకు చెల్లెలు బలైపోతుంది. తప్పు ఒక్క మనసుది కాదని, నిర్లక్ష్యం చేసినవాళ్లదీ అని ఆ సినిమా గుర్తించింది. అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ వెంటనే అన్నను మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను హత్యలకు పంపింది!

నిజంగా ఈ బాధ పడేవాళ్లు ఎవరినీ చంపరండీ. వంట చేస్తారు, పిల్లలకు జడలు వేస్తారు, రాత్రి నిద్రపోరు. మరుపు రాకపోవడమే వాళ్ల జబ్బు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అనే పేరుతో తన జబ్బుల జాబితాలో చేర్చింది. నెల దాటినా పీడకలలు, జరిగింది మళ్లీ కళ్లముందు జరగడం, ఆ చోటును తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే అదిరిపడడం దీని లక్షణాలు. మనస్తత్వ శాస్త్రం చెప్పే కారణం ఇది: మామూలు జ్ఞాపకం ఆల్బంలో పాత ఫొటోలా ‘అప్పుడు’ అనే పేజీలో కూర్చుంటుంది. ఈ జ్ఞాపకం ఆ పేజీకి అంటుకోదు. ఎప్పుడు గుర్తొచ్చినా అది ‘ఇప్పుడే’.

2014 జూలై 24 పొద్దున మన జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలాలేని గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ పాసింజరు ఢీకొట్టింది. డజనుకు పైగా పసివాళ్లు పోయారు. 2022లో మెదక్ పట్టణానికి రైలొచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆ కూత మనకు ప్రయాణం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవిన పడితే? ఆమెకు అది 2014 జూలై.

అయితే అంతా తలలోనే ఉందనేస్తే సగమే చెప్పినట్టు. ఒకే దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరు తేరుకుంటారు, ఒకరు తేరుకోరు. 2000లో బ్రూవిన్, ఆయన తోటివాళ్లు పాత పరిశోధనలెన్నో కలిపి చూశారు. మనిషి అంతకుముందు ఎలాంటివారన్న దానికన్నా, తర్వాత అండ దొరికిందా, మరిన్ని కష్టాలు మీద పడ్డాయా అన్నవే ఎక్కువ బరువు తూగాయి. అండ అంటే ఇల్లూ, వాడా, సర్కారూ అన్నీను. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ దారుల్లో కాపలాలేని గేట్లన్నీ తీసేశామని రైల్వే ప్రకటించింది. పోయినవాళ్లు తిరిగిరారు గానీ, ‘తప్పు నీది కాదమ్మా’ అని చెప్పడానికి అదీ ఒక పద్ధతే.

మనమేమో పదకొండో రోజు భోజనం చేసి, ‘ఇంకెన్ని దినాలు ఏడుస్తవు, మరిచిపో’ అని ఇంటికొచ్చేస్తాం. మంచి మనసుతోనే అంటాం. భారతం అలా అనలేదు. యుద్ధం ముగిసీ ముగియగానే పట్టాభిషేకం జరిపించకుండా, మధ్యలో స్త్రీపర్వం పెట్టింది. గాంధారి కొడుకులందరి కోసం ఏడుస్తుంటే కృష్ణుడంతటివాడు నిలబడి విన్నాడు, శాపం కూడా తిన్నాడు. దాన్ని తిక్కనగారు తెలుగు చేసి ఏడు వందల ఏళ్లు దాటింది. ఆపాటి ఓపిక మన సినిమా కథకులకు ఎప్పుడొస్తుందో!

నిద్రపట్టనివాళ్లు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి, అందులో నామోషీ లేదు. కానీ ఆయన ఇచ్చేది వారానికి ఓ గంట. మిగతా గంటలన్నీ మనవే. ఆ తల్లి అదే కథ పదోసారి మొదలుపెట్టినా, పొయ్యిమీద పాలున్నాయని లేచిపోకుండా కూర్చోవడం మన పని.