పానశాలయందలి నాట్యము: శాసనపు చూపు ఎవరిమీద?

మద్యము విక్రయించు చోట స్త్రీలు నాట్యమాడవచ్చునా? ఆడినచో ప్రభుత్వము దాని నెంతవఱకు కట్టడి చేయవచ్చును? ఈ ప్రశ్న బొంబాయి నగరమునకు చెందినదని మన కరీంనగరము, ఆదిలాబాదు సీమల గృహస్థులు ఉపేక్షింపరాదు. ఆదిలాబాదునకు మహారాష్ట్రము పొరుగిల్లు. సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలి కుటుంబములు బ్రదుకుతెరువునకై భివండీ మగ్గములను, బొంబాయి మిల్లులను ఆశ్రయించి తరములు గడచినవి. బొంబాయిలోని కామాఠీపురమునకు ఆ పేరు మన తెలుగు సీమనుండి కూలిపనికై పోయిన కామాఠీలవలననే వచ్చినది. ఆ పేట తరువాత దేనికి ప్రసిద్ధి కెక్కెనో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున అక్కడి శాసనము మన ముంగిటి మాటయే.

2005లో మహారాష్ట్ర శాసనసభ 1951 నాటి బొంబాయి పోలీసు చట్టమునకు 33-ఎ, 33-బి అను రెండు సెక్షనులను చేర్చెను. మొదటిది భోజనశాలలలోను, పర్మిటు గదులలోను, బీరు బార్లలోను నాట్యమును నిషేధించెను. రెండవది మూడు నక్షత్రములును అంతకు మించినవియునగు హోటళ్లకు, సభ్యులకు మాత్రమే ప్రవేశముగల క్లబ్బులకు, జింఖానాలకు మినహాయింపు నొసగెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి శాసనకర్తల మనస్సు తేటతెల్లమగును. నాట్యమే నీతికి హానికరమైనచో సంపన్నుల క్లబ్బులోను హానికరమే కావలయును. అక్కడ కానిచో బీరు బారులోను కాదు. ఈ శాసనము కొలిచినది నీతిని గాదు, వచ్చువాని డబ్బుసంచిని.

బొంబాయి హైకోర్టు 2006 ఏప్రిలులో ఈ సవరణను కొట్టివేసెను. 2013 జూలై 16న సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపఱచుచు, నిషేధమువలన 75,000 మందికి పైగా స్త్రీలు పని కోల్పోయిరనియు, వారిలో పలువురు కుటుంబపోషణకై వ్యభిచారమునకు దిగవలసివచ్చెననియు, వ్యాధికంటె చికిత్సయే ఎక్కువ కీడు చేసెననియు అభిప్రాయపడెను. స్త్రీల గౌరవమును కాపాడ వెలసిన శాసనము ఆ స్త్రీలనే వీధిపాలు చేసెను. ప్రభుత్వ మంతటితో నూరకుండక 2014లో మరల నిషేధము తెచ్చెను. 2015లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను. 2016లో అశ్లీల నాట్యమును నిషేధించు క్రొత్త చట్టము పుట్టెను. 2019 జనవరి 17 నాటి తీర్పులో సాయంకాలము 6 గంటలనుండి రాత్రి 11:30 వఱకే యను కాలనియమమును, నాట్యమాడువారిపై నోట్లు వెదజల్లరాదను నియమమును నిలిచినవి. బడికిని గుడికిని కిలోమీటరు దూరమున నుండవలెనను నియమము, లోపల కెమెరాలు పెట్టవలెనను నియమము, నాట్యము జరుగు గదిలో మద్యము పోయరాదను నియమము రద్దయినవి.

నోట్ల విషయమున న్యాయస్థానము చూపిన విచక్షణ మెచ్చదగినది. చేతి కందించిన బహుమానము కష్టఫలము. నెత్తిపై చల్లిన నోటు అవమానము. అయితే 'అశ్లీలము' అను మాటకు చట్టమిచ్చిన నిర్వచనము చెక్కుచెదరక నిలిచినది. దానిని నిత్యము ప్రయోగించువారు న్యాయమూర్తులు గారు, తలుపువద్ద నిలుచు పోలీసులు. అశ్లీలతపేర జరిగిన పొరపాటు మన సాహిత్యమున కనుభవమే. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో వెలువఱచిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను ప్రభుత్వము 1911లో నిషేధించెను. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గకాలమునగాని ఆ నిషేధము తొలగలేదు. పలుకు స్త్రీదైనచో కొలబద్ద పొట్టిదగుట ఇందు స్పష్టము.

ఇట్లనుటచే నేను పానశాలల పక్షమున వాదించుచున్నానని తలపవలదు. నాట్యమునకు వచ్చిన స్త్రీలందఱును స్వేచ్ఛగా వచ్చినవారే యనుట యెంత యసత్యమో, అందఱును పతితలే యనుట యంత యసత్యము. అప్పునకు లొంగి వచ్చినవారును, బాలికలై యుండగనే తేబడినవారును ఉందురు. అట్టిచోట శాసనము కఠినముగ నుండవలసినదే. మన యుత్తర తెలంగాణపు జోగిని యాచారము దీనికి నిదర్శనము. ఎఱుక లేని బాలికను దేవతపేర నంకితముచేసి ఊరివారి పాలుచేయు ఆ యాచారమును ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1988లో చట్టముచే నిషేధించుట సర్వధా యుక్తము. కాని చట్టముచే నంకితమును దండింపవచ్చును గాని, అంతకుముందే జోగినియైన స్త్రీకి ఇల్లును పనియు దానంతట కలుగవు. అందులకే నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణంగారివంటివారు పునరావాసమునకు పాటుపడవలసివచ్చెను. నిషేధము సగము పని; రెండవ సగము లేనిచో మొదటిది క్రూరమగును.

వీరేశలింగం పంతులుగారి తరము వేశ్యానాట్యమును బహిష్కరించుట ఆ కాలమునకు మహోపకారమే. అయినను గురజాడవారి 'కన్యాశుల్కము' ఆ యుద్యమమునకే ఒక ప్రశ్న వేసినది. వేశ్యాముఖము చూడనని వ్రతము పూనిన సౌజన్యారావు పంతులుగారికి, చిక్కుపడిన వ్యాజ్యములో సత్యమును తెలిపినది మధురవాణియే. ఆమెను సంస్కరింపగోరువారు మొదట ఆమె మాట వినవలెనని కవి హృదయము. మహారాష్ట్ర శాసనకర్తలు చేయనిపని యిదియే.

మఱియొక మాట. ఆదిలాబాదు గోండు గూడెములలో దండారి పండుగకు గుస్సాడీ నృత్యము సాగును. దేవతలకు ఇప్పసారా అర్పించుటయు వారి యాచారములలో నున్నది. ఆ నృత్యమునకే కనకరాజుగారు 2021లో పద్మశ్రీ పొందిరి. అక్కడ ఆడువాడును చూచువాడును ఒకే సమాజమువారు. ఒకరి నింకొకరు వెలకు కొనరు. కావున దోషము ఆటలోను లేదు, అది మద్యమునకు చేరువ నుండుటలోను లేదు. పేదరాలి యక్కఱను ఎరగా పెట్టి మద్యమమ్ముకొను బేరములో నున్నది. ఆ బేరములో ప్రభుత్వమునకును వాటా కలదు. మన రాష్ట్రమున మద్యమును టోకుగా నమ్మునది ప్రభుత్వ కార్పొరేషనే. లైసెన్సు రుసుము పుచ్చుకొని, ఆబ్కారీ పన్ను పుచ్చుకొని, నీతిభారమును మాత్రము నాట్యకత్తె భుజముపై మోపుట న్యాయము గాదు.

కట్టడి యుండవలెను. అది యజమానిమీద నుండవలెను: వయస్సు రుజువు, వ్రాతమూలకమైన జీతపు ఒడంబడిక, అప్పుపేర నిర్బంధించినచో కారాగారము, రాత్రి యిల్లు చేర్చు బాధ్యత. చేయి చాచిన గిరాకిమీద నుండవలెను. పని మానదలచిన స్త్రీకి వేఱొక విద్య నేర్పుటకు మద్యపు రాబడినుండి కొంత కేటాయింపు ఉండవలెను. భివండీకో బొంబాయికో పోయిన మన ఊరి యాడుబిడ్డ ఏ పనిలో నున్నదో తెలిసినపుడు, సిగ్గుతో ఆమె పేరును మఱచుటకు బదులు, ఆమెకు జీతము సరిగ ముట్టుచున్నదా, తలచినపుడు ఇల్లు చేరగలదా యని మన కుటుంబములు విచారింపవలెను. శాసనసభలచేతను ఆ విచారణ చేయింపవలెను.