బోనులో పడిన పండుగ: ‘వెన్ హాలోవీన్ వాజ్ ఫరెవర్’ కార్టూన్ కథలో కాలం వ్యక్తిగా మారిన తీరు

1. ప్రవేశిక

జానపద విశ్వాసాలు, పురాగాథల్లోని ప్రాణులు ఆధునిక మాధ్యమాల్లో కనిపించినప్పుడు విమర్శకులు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది: ఈ రూపం మూలానికి ఎంతవరకు విధేయంగా ఉంది? ఈ ప్రశ్న అవసరమైనదే గాని, అది ఒక్కటే చాలదు. మూలం నుంచి పక్కకు తొలగిన రచన కూడా ఒక్కోసారి మూలంలోని ప్రధానభావాన్ని మరో దారిలో అందుకుంటుంది. ‘ద రియల్ ఘోస్ట్‌బస్టర్స్’ అనే అమెరికన్ కార్టూన్ ధారావాహికలో జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ రచించిన ‘వెన్ హాలోవీన్ వాజ్ ఫరెవర్’ (1986) అనే భాగం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ కథ ఒక పండుగను రాక్షసుడిగా మార్చి దాని అర్థాన్ని కుదించిందనీ, అయినా ఆ రాక్షసుడి నేరాన్ని నిర్వచించిన పద్ధతిలో ఆ పండుగ సారాన్ని నిలుపుకుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కథానేపథ్యం

1984లో విడుదలైన ‘ఘోస్ట్‌బస్టర్స్’ చలనచిత్రం ఈ ధారావాహికకు ఆధారం. న్యూయార్క్ నగరంలో పీటర్, రే, ఈగాన్, విన్‌స్టన్ అనే నలుగురు అతీంద్రియ పరిశోధకులు పాత అగ్నిమాపక కేంద్రంలో కార్యాలయం తెరిచి, రుసుము తీసుకొని దయ్యాలను పట్టుకుంటారు. దయ్యాన్ని కిరణాలతో బంధించడం, చిన్న బోనులోకి లాగడం, నేలమాళిగలోని నిర్బంధ యంత్రంలో శాశ్వతంగా ఉంచడం వారి పద్ధతి.

ప్రస్తుత కథలో ఐర్లండ్ నుంచి న్యూయార్క్ చేరిన ప్రాచీన శిథిలాల్లో బందీగా ఉన్న ‘సావిన్’ అనే గుమ్మడికాయ తల ప్రేతం విడుదలవుతుంది. హాలోవీన్ రాత్రి ఎన్నటికీ ముగియకుండా కాలాన్ని ఆపి, నగరంలోని దయ్యాలన్నింటినీ తన ఏలుబడిలోకి పిలుస్తుంది. తీక్ష్ణమైన వెలుగును అది భరించలేదని గ్రహించిన పరిశోధకులు చివరకు దానిని బోనులో బంధిస్తారు.

3. పండుగకు ప్రభువు ఎక్కడి నుంచి వచ్చాడు?

సావిన్ అనేది ఒక వ్యక్తి పేరు కాదు. గేలిక్ ప్రజల పండుగ పేరు. అక్టోబర్ 31 సాయంత్రం మొదలై నవంబర్ 1న జరిగే ఈ పండుగతో పంటకాలం ముగిసి సంవత్సరంలోని చీకటి భాగం ఆరంభమవుతుంది. నేటికీ ఐరిష్ భాషలో నవంబర్ నెలకు ఇదే పేరు. ఆ రాత్రి మానవలోకానికీ ‘సీ’ అనే అన్యలోకానికీ మధ్య ఉన్న హద్దు తెరుచుకుంటుందని మధ్యయుగ గాథలు చెబుతాయి. సావిన్‌ను మృత్యుదేవతగా చూపడం 18వ శతాబ్దిలో ఛార్లెస్ వాలన్సీ వంటి పురావస్తు అభిమానుల ఊహలతో బలపడి, తరువాతి గ్రంథాల్లో సత్యంగా చలామణి అయిన పొరపాటు. కార్టూన్ ఆ పొరపాటును వారసత్వంగా స్వీకరించింది.

పాత్ర రూపకల్పన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ప్రాచీన కెల్టిక్ ప్రేతంగా పరిచయమైన ఈ పాత్రకు గుమ్మడికాయ తల ఉంది. గుమ్మడి అమెరికా ఖండాలకు చెందిన పంట. 1492కు పూర్వం ఐర్లండ్‌కు అది తెలియదు. అక్కడ టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. వలస వచ్చిన ఐరిష్ ప్రజలు అమెరికాలో గుమ్మడికాయను అందుకు వాడుకున్నారు. కాబట్టి శిథిలాల నుంచి లేచిన ఈ ‘ప్రాచీనుడు’ నిజానికి వలస జీవితం తయారుచేసిన అమెరికన్. తన పండుగకే ప్రాచీన ముఖం తొడిగి, ఆ ముఖాన్ని చూసి అమెరికా భయపడిందన్నమాట.

4. బోను కోరిన శరీరం

పండుగను వ్యక్తిగా మార్చవలసిన అవసరం ఏమిటి? సమాధానం ధారావాహిక నిర్మాణంలోనే ఉంది. బోనులో పడాలంటే శరీరం కావాలి. ఒక రాత్రిని, ఒక హద్దును, ఒక ఋతుసంధిని కిరణాలతో కట్టలేరు. ఈ విధంగా పరిశోధకుల పరికరమే పరిశోధ్య విషయానికి ఆకారం ఇచ్చింది.

కాలాన్ని వ్యక్తిగా భావించడం దానంతట అది దోషం కాదు. మన పంచాంగకర్తలు మకర సంక్రమణాన్ని సంక్రాంతి పురుషుడిగా భావించి, అతని వాహనం, వస్త్రం, ఆయుధం, ఆహారం చెప్పి, వాటినిబట్టి సంవత్సర ఫలాన్ని సూచిస్తారు. ఆ వివరాలు ఏటేటా మారుతాయి. ఆ వ్యక్తిత్వం కాలాన్ని చదవడానికి ఏర్పడిన భాష. ఆ పురుషుడు వస్తాడు, వెళ్తాడు, ఎవరికీ బందీ కాడు. కార్టూన్‌లోని సావిన్‌కు మాత్రం స్థిరమైన దేహం, రాజ్యకాంక్ష ఉన్నాయి. మొదటిది చదవడానికి చేసిన మూర్తీకరణ. రెండవది పట్టుకోవడానికి చేసిన మూర్తీకరణ. ఈ భేదాన్ని గుర్తించకపోతే పురాగాథల ఆధునిక రూపాలన్నింటినీ ఒకే గాట కట్టే ప్రమాదం ఉంది.

5. ఆగిన గడియారం

అయితే ఈ కథలో సావిన్ చేసిన నేరం ఏమిటి? ఉండడం కాదు, ముగియడానికి నిరాకరించడం. హాలోవీన్ చెడ్డదని కథ చెప్పదు, అంతులేని హాలోవీన్ చెడ్డదని చెబుతుంది. హద్దు తెరుచుకోవడంలో కాదు, తిరిగి మూసుకోకపోవడంలో అది విపత్తును చూస్తుంది. పండుగను తప్పుగా పరిచయం చేసిన ఈ కథ దాని ధర్మాన్ని సరిగా గ్రహించిందని చెప్పదగిన చోటు ఇదే.

కాలం ఆగడమనే కల్పన కూడా సావిన్ సంప్రదాయానికి పరాయిది కాదు. మధ్యయుగ ఐరిష్ గాథలో నెరా అనే వీరుడు సావిన్ రాత్రి అన్యలోకంలోకి వెళ్లి అక్కడ కొంతకాలం గడుపుతాడు. తిరిగి వచ్చేసరికి తనవారు ఇంకా అదే రాత్రి, అదే కాగు చుట్టూ కూర్చొని ఉంటారు. తన మాట నమ్మించడానికి అతడు వేసవి పూలను వెంట తెస్తాడు. గాథలో ఆగిన కాలం నుంచి మనిషి వేసవికి సాక్ష్యం తెచ్చాడు. కార్టూన్‌లో ఆగిన కాలం మనిషికి ఉదయాన్నే లేకుండా చేసింది. ప్రత్యక్ష ప్రభావాన్ని ప్రతిపాదించకుండానే ఈ సామ్యాన్ని గమనించవచ్చు.

స్ట్రాజిన్‌స్కీ రచించిన ‘ద హాలోవీన్ డోర్’ (1989) ప్రత్యేక భాగం ఈ ఆలోచనను ఒక అడుగు ముందుకు తీసుకువెళ్లింది. అందులో హాలోవీన్‌ను పూర్తిగా రూపుమాపాలనుకున్న వ్యక్తి ప్రయత్నం వల్లనే దుష్టశక్తులు బయటపడతాయి. మొదటి కథలో పండుగ బందీ కావలసిన శక్తి. రెండవ కథలో పండుగే కంచె. పైగా స్లైమర్ అనే దయ్యం బోను బయట, పరిశోధకుల ఇంట్లోనే తిరుగుతూ ఉండడం ధారావాహిక తన పద్ధతికి తానే చూపుకున్న మినహాయింపు.

6. ముగింపు

మూలవిధేయత ఒక్కటే కొలమానమైతే ఈ కథ విఫలం. కథలోని ఆంతరంగిక తర్కాన్ని పరిశీలిస్తే, భయానికి ఒక రాత్రి కేటాయించి, తెల్లవారగానే దానిని సాగనంపే పండుగ వివేకం అందులో కనిపిస్తుంది. అయితే ఆ వివేకం పొరపాటును సత్యం చేయదు. బాల్యంలో చూసిన బొమ్మల కథ పరిశోధనలో ‘ప్రాచీన విశ్వాసం’గా తిరిగి ప్రవేశించడం సులభం. వాలన్సీ ఊహ తెరమీదికి చేరిన మార్గం అందుకు హెచ్చరిక. కనుక పురాగాథల పునఃకథనాలను పరిశీలించేవారు రెండు ప్రశ్నలు కలిపి అడగాలి: ఈ రూపం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రూపం ఎవరి బోనుకు సరిపోయేలా తయారైంది? ఈ రెండవ ప్రశ్న బోను పట్టినవారికే కాదు, పారిభాషిక పదాలు, వర్గీకరణ పట్టికలు చేతపట్టిన పరిశోధకులకూ వర్తిస్తుంది.