ఐదు మాత్రల అడుగు

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) రాసిన ‘శివతాండవం’ గురించి ఎవరిని అడిగినా ముందు శబ్దం గురించే చెప్తారు. మృదంగంలా మోగుతుందని, అర్థం తెలియకపోయినా ఒళ్ళు జలదరిస్తుందని. ఈ మెప్పులోనే ఒక చిన్నచూపు కూడా దాగి ఉంది: అంతా మోతే, కవిత్వమేదీ అని. కవిత్వం ఆ మోతలోనే ఉందని నేననుకుంటాను. అది పట్టుబడాలంటే గణం దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో పద్యానికి కొరత లేదు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని ‘రాణాప్రతాపసింహ చరిత్ర’, గడియారం వేంకట శేషశాస్త్రి ‘శివభారతం’ రెండూ పద్యకావ్యాలే. ఉత్పలమాలలాంటి వృత్తంలో పాదానికి 20 అక్షరాలు. ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు అన్నది ముందే ఖాయం. పుట్టపర్తి తాండవానికి తీసుకున్నది మాత్రాగణం. ఇక్కడ మొత్తం కుదిరితే చాలు, లోపలి పంపకం కవి ఇష్టం. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఆ లెక్కన నాలుగు మాత్రల గణాన్ని 5 రకాలుగా నింపొచ్చు, ఐదు మాత్రల గణాన్ని 8 రకాలుగా. మనం ఫిబొనాచి పేరుతో చదువుకున్న వరుస ఇదే. ఆయనకి ఎన్నో శతాబ్దాల ముందే విరహాంకుడు ఛందస్సు లెక్కల్లో దీన్ని పట్టుకున్నాడు.

ఇప్పుడు కావ్యం తెరవండి. భూమి ఆనందాన్ని చెప్పే ఎత్తుగడ నాలుగు మాత్రల్లో, తకధిమి నడకలో ఉంటుంది. తాండవం మొదలై శివుడి తలమీద ఆకాశగంగ కదలగానే నడక ఐదు మాత్రలకి, తకతకిటకి, మారుతుంది. అక్కడి మొదటి రెండు పాదాల్లో 8 గణాలు. ఒక్కో గణంలో ఒక్కటే గురువు, మిగతావన్నీ లఘువులు. 5 గణాల్లో ఆ గురువు మూడో అక్షరం, మిగిలిన 3 గణాల్లో చివరి అక్షరం. అల లేచి, ఒక్క క్షణం ఆగి, విరిగినట్టే ఉంటుంది. ‘అల’ అనే మాటకంటే ముందే నోటికి అల తెలుస్తుంది.

ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ఆయన దీన్ని కట్టారని చెబుతారు. మాత్రకో అడుగు వేస్తూ చదివి చూశాను. నాలుగు మాత్రలైతే ప్రతి గణం ఒకే కాలితో మొదలవుతుంది, కవాతులాగా. ఐదైతే ఒక గణం కుడికాలితో, తర్వాతిది ఎడమకాలితో. ఒళ్ళు తనంతట తనే అటూ ఇటూ ఒరుగుతుంది. నడక ఆటగా మారే చోటు ఇదే. నా మటుకు ఈ గణం ఎంపికే ఈ కావ్యంలో మొదటి కవితానిర్ణయం.

లోపం లేదనను. గతి ఊపందుకున్నాక, పొడుగాటి సంస్కృత సమాసాలు వచ్చిన చోట్ల గణం నిండుతుంది కానీ బొమ్మ కట్టదు. చెవి ముందుకెళ్ళిపోతుంది, మనసు వెనకబడుతుంది. అక్కడ ‘అంతా మోతే’ అన్నవాళ్ళతో నేనూ ఏకీభవిస్తాను.

కాకపోతే ఆ చోట్లని పెద్దవి చేయడంలో మన పాత్ర కూడా ఉంది. వేదికల మీద చాలామంది మొదటినుంచి చివరిదాకా ఒకే ఉరుములా చదువుతారు. నాలుగు ఐదుగా మారిన చోటు వినపడకుండా పోతుంది. ఈసారి గొంతు పెంచకుండా, వేళ్ళమీద మాత్రలు లెక్కపెట్టుకుంటూ, మెల్లగా చదవండి. భూమి ఎక్కడ ఆగిందో, శివుడు ఎక్కడ మొదలయ్యాడో వేళ్ళకే తెలుస్తుంది.